ముఖలింగం పిల్లలకు రోమ్ లెక్కలేనా?

గౌరవనీయులైన రాష్ట్ర పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు, గణిత పాఠ్యపుస్తకాలు రూపొందించే సంపాదకవర్గ సభ్యులకు,

శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు రాయునది.

రోమన్ సంఖ్యల పాఠం విషయమై మీతో తగువు పెట్టుకోవడానికే ఈ లేఖ. ఇంత చిన్న పాఠానికి బహిరంగ లేఖ ఏమిటని మీలో ఎవరికైనా నవ్వొస్తే నవ్వండి. నా ఫిర్యాదు ఆ నవ్వు మీదే. ఏడు అక్షరాలు, నాలుగైదు నియమాలు, కింద ‘రోమన్ సంఖ్యల్లోకి మార్చండి’, దాని కింద ‘తిరిగి మామూలు సంఖ్యల్లోకి మార్చండి’. పరీక్షలో ఒకటో రెండో మార్కులు. ‘ఈజీ బిట్టు, ఒదులుకోకండి’ అని పిల్లలకు మేమూ చెప్పేస్తాం, పేజీ తిప్పేస్తాం. మనిషి అంకె రాయడం ఎలా నేర్చుకున్నాడో చెప్పగలిగిన ఒకే ఒక్క పాఠం అలా గైడు పుస్తకం పాలైపోతోంది. ఇదేదో ఒక ఏడాది జరిగిన పొరపాటయితే ఊరుకునేవాణ్ణి. ‘ఆ పాఠంలో చెప్పడానికింకేముంది?’ అనే తీరు పాతుకుపోయింది. దాన్నే నేను ఒప్పుకోలేకపోతున్నాను.

పుస్తకం రాయించేది మీరు. ప్రశ్నపత్రానికి నమూనా ఇచ్చేది మీరు. పంతుళ్లకు సెలవుల్లో శిక్షణ పెట్టేదీ మీరే. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ బడిలో ఏ పిల్ల ‘ఇలాగే ఎందుకు రాయాలి మేస్టారూ?’ అని అడిగినా, జవాబు చెప్పవలసిన బాధ్యత చివరికి మీ దగ్గరికే వస్తుంది. మరి జవాబు మీ దగ్గరుందా?

మీరు నేర్పే నియమాలనే తీసుకుందాం. ఐ అంటే ఒకటి, వి అయిదు, ఎక్స్ పది, ఎల్ యాభై, సి నూరు, డి అయిదు వందలు, ఎం వెయ్యి. ఐ, ఎక్స్, సి, ఎం అక్షరాలను మూడుసార్లకు మించి వరసగా రాయకూడదు. వి, ఎల్, డి రెండోసారి రాకూడదు. చిన్నది పెద్దదానికి ముందొస్తే తీసివెయ్యాలి, వెనకొస్తే కలపాలి. ఇంతవరకూ బాగుంది. తెలివైన పిల్ల వెంటనే ఒక ప్రశ్న వేస్తుంది. తొంభై తొమ్మిది అంటే నూటికి ఒకటి తక్కువ కదా, సి ముందు ఒక ఐ పెడితే సరిపోదా? ‘తప్పు, ఐ అనేది వి ముందూ ఎక్స్ ముందే వస్తుంది’ అంటాం. ఎందుకట? నియమం కాబట్టి! అక్కడితో ఆ పిల్ల కూర్చుంటుంది.

అక్కడే అసలు పాఠం మొదలవ్వాలి. రోమన్ పద్ధతిలో కూడా వందలు, పదులు, ఒకట్లు వేటికవే విడివిడిగా నడుస్తాయి. తొంభై తొమ్మిదిలో ముందు తొంభై రాయాలి, ఎక్స్-సి. తరవాత తొమ్మిది రాయాలి, ఐ-ఎక్స్. నలభై తొమ్మిదయితే ఎక్స్-ఎల్, ఆపైన ఐ-ఎక్స్. స్థానాల ఆలోచన లోపల ఉంది, రాతలో మాత్రం స్థానానికి విలువ లేదు. ఈ ఒక్క మాట చెబితే అయిదు నియమాలు బట్టీ పట్టనవసరం లేదు. సంఖ్యను స్థానాలుగా విడగొట్టడం చిన్న తరగతుల్లోనే నేర్పేశాం కదా, దాన్ని ఇక్కడ వాడుకోవడానికి మనకేమిటి అడ్డం?

ఇంకో సంగతి. నాలుగుకు నాలుగు నిలువు గీతలు రాసిన గుంటడికి మార్కు కోసేస్తాం. రోమ్‌లో కొలోసియం గుమ్మాల మీద రోమన్లే చెక్కించిన సంఖ్యలు ఇప్పటికీ కొన్ని మిగిలున్నాయి. నలభై నాలుగో గుమ్మం మీద నలభైకి ఎక్స్-ఎల్ అని తీసివేత పద్ధతి ఉంది, పక్కన నాలుగుకు మాత్రం నాలుగు నిలువు గీతలే ఉన్నాయి. అంటే రోమ్ నగరంలో రోమన్ శిల్పి మన పరీక్షలో తప్పుతాడు! పాత గోడ గడియారాల్లోనూ చాలావాటి మీద నాలుగు దగ్గర నాలుగు గీతలే కనిపిస్తాయి. మనం చెప్పే కచ్చితమైన నియమాలు చాలా తరవాత స్థిరపడినవి. ఆ మాట పుస్తకంలో ఒక్క వాక్యంగా వేస్తే, నియమాలు పైనుంచి ఊడిపడలేదనీ, మనుషులు వాడగా వాడగా కుదురుకున్నాయనీ పిల్లలకు తెలుస్తుంది. పరీక్ష కోసం ఒక పద్ధతికి కట్టుబడదాం, కాదనను. కానీ దాన్నే సత్యం అని నేర్పడం దేనికి? విజయనగరం పిల్లల్ని గంటస్తంభం దాకా నడిపించి, పైన గడియారం మీద అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చూసి రమ్మనడానికి మనకు ఏ జీవో అడ్డొచ్చింది?

రోమన్లు ఈ అక్షరాలతో కాగితం మీద గుణకారాలు చేసేవారు కాదని కూడా మనం చెప్పం. లెక్క చెయ్యడానికి వాళ్లకు గీతలు గీసిన పలకా, గులకరాళ్లూ ఉండేవి. పలక మీద తేల్చి, వచ్చిన జవాబును మాత్రం అక్షరాల్లో రాసుకునేవారు. రాత వేరు, లెక్క వేరు. ఈ రెండూ ఒకటయిన రోజు గణిత చరిత్రలో చాలా పెద్ద రోజు. ఆ మలుపులో మన నేల ఎక్కడుందో చెప్పడానికే ఇంత ఉపోద్ఘాతం.

మీరు శ్రీకాకుళం జిల్లా మీదుగా ప్రయాణించే ఉంటారు. శ్రీకాకుళం ఊరిని ఇంగ్లీషువాళ్లు చికాకోలు అని రాసుకున్న కాలంలో ఇక్కడ దొరికిన తూర్పు గాంగ రాజుల రాగిరేకులు ‘చికాకోలు రేకులు’ అనే పేరుతో పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే అచ్చయ్యాయి. వంశధార ఒడ్డున ఇప్పుడు శ్రీముఖలింగం ఉన్న చోటే వాళ్ల రాజధాని కళింగనగరం. దానధర్మాలు చేసినప్పుడల్లా వాళ్లు తేదీ వేసేవారు, అదీ తమ సొంత గాంగేయ శకంలో. ఆ శకం క్రీస్తు తరవాత 496–498 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారుల లెక్క. ఉర్లాం రేకులు 80వ సంవత్సరానివి. ఇంద్రవర్మ పేరున్న చికాకోలు రేకులు 128, 146 సంవత్సరాలవి. సిద్ధాంతం రేకులు 195. విజయనగరం వైపు అలమండలో దొరికినవి 304.

ఆ రేకుల మీద అంకెలు ఎలా ఉన్నాయో మీలో ఎంతమంది చూశారు? నూట ఇరవై ఎనిమిదికి వాళ్లు మూడు గుర్తులు వేశారు. నూరుకో గుర్తు, ఇరవైకో గుర్తు, ఎనిమిదికో గుర్తు. మూడూ కలుపుకుంటే 128. కలుపుకుంటూ పోవడం రోమన్ పద్ధతి కూడా అంతే కదా! తేడా ఏమిటంటే, రోమన్లకు ఉన్నవి ఏడు అక్షరాలే, వాటినే తిప్పి తిప్పి రాయాలి. 128 రాయడానికి వాళ్లకు ఏడు అక్షరాలు పడతాయి: సి-ఎక్స్-ఎక్స్-వి-ఐ-ఐ-ఐ. మనవాళ్లు పదికి, ఇరవైకి, ముప్పైకి, అలా తొంభై దాకా దేనికది ప్రత్యేకమైన గుర్తు పెట్టుకున్నారు. అందుకే మూడింటితో పని అయిపోయింది. గుర్తుపెట్టుకోవాల్సినవి ఎక్కువ, రాయాల్సింది తక్కువ. వాళ్లకు గుర్తుపెట్టుకోవాల్సినవి తక్కువ, రాయాల్సింది ఎక్కువ. రెండింటినీ పక్కపక్కన పెట్టి ‘ఏది మేలు, ఎందుకు?’ అని ఆరో తరగతి పిల్లల్ని అడగండి. గంట సేపు క్లాసు వాళ్లే నడిపిస్తారు.

అసలు చిత్రం ఆ తరవాత జరిగింది. దేవేంద్రవర్మ కాలపు చికాకోలు రేకు ఒకటుంది, గాంగేయ శకం 183. సుమారు క్రీ.శ. 680 అన్నమాట. దాని మీద తేదీ చెక్కినవాడు నూరుకు పాత గుర్తే వేశాడు. ఆ తరవాత ఎనభైకి ఉన్న ప్రత్యేకమైన గుర్తు వెయ్యలేదు. ఎనిమిది వేసి పక్కన మూడు వేశాడు. వందల దగ్గర పాత లోకం, పదుల దగ్గరికొచ్చేసరికి కొత్త లోకం. ఎనిమిది తన చోటును బట్టి ఎనభై అయిపోయింది. ఒకే సంఖ్యలో రెండు పద్ధతులు! లిపి చరిత్ర రాసిన పండితులు వందేళ్ల కిందటే ఎత్తిచూపిన ఉదాహరణ ఇది. అదే రోజుల్లో, 683లో, కంబోడియాలో మెకాంగ్ నది ఒడ్డున సంబోర్ శాసనంలో శక సంవత్సరం 605 అని మూడంకెలుగా చెక్కారు, మధ్యలో సున్నాకు చుక్క పెట్టి. కళింగ రేవుల నుంచి తూర్పు సముద్రం మీద ఓడలు నడిచిన కాలమది. అటు చుక్కతో సహా కొత్త పద్ధతి పూర్తిగా వచ్చేసింది, ఇటు మన చెక్కడపువాడు ఒక కాలు ఇక్కడ, ఒక కాలు అక్కడ పెట్టి నిలబడ్డాడు. గణితంలో అంత పెద్ద మార్పు జరుగుతున్న క్షణం ఒక రాగిరేకు మీద పట్టుబడింది. అది దొరికింది మన జిల్లాలో. మన పిల్లలకు మాత్రం దాని పేరు కూడా తెలీదు. సి-ఎల్-ఎక్స్-ఎక్స్-ఎక్స్-ఐ-ఐ-ఐ అని నూట ఎనభై మూడుకు ఎనిమిదక్షరాలు గడగడా అప్పజెప్పగలరు. వాళ్లదా తప్పు?

ఇంకో నాలుగు వందల ఏళ్లు ముందుకు రండి. వజ్రహస్తుడనే గాంగరాజు పట్టాభిషేకం సంవత్సరాన్ని నడగాం రేకుల్లో అంకెలతో రాయలేదు, మాటలతో చెప్పారు. ఆకాశం, ఋతువులు, నిధులు. ఆకాశమంటే సున్నా, ఋతువులు ఆరు, నిధులు తొమ్మిది. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు నడిపిస్తే 960. శక సంవత్సరం 960కి 78 కలిపితే 1038. అనంతవర్మ చోడగంగుడి పట్టాభిషేకానికి ఇంకా సరదా సంఖ్య దొరికింది: నందులు, రంధ్రాలు, గ్రహాలు. నవనందులు తొమ్మిది, శరీరంలో నవరంధ్రాలు తొమ్మిది, గ్రహాలు తొమ్మిది. 999. అంటే 1078 ప్రాంతం.

ఇప్పుడు ఇవే రోమన్‌లో రాయండి. 960 సి-ఎం-ఎల్-ఎక్స్. నాలుగు అక్షరాలు, చక్కగా ఉంది. కానీ ఆకాశం ఏదీ? ఒకట్ల స్థానంలో ఏమీ లేదని చెప్పడానికి రోమన్ పద్ధతిలో ఏ గుర్తూ లేదు, అవసరమూ లేదు. స్థానమే లేనప్పుడు ఖాళీని ఎక్కడ చూపిస్తారు? ‘రోమన్ సంఖ్యల్లో సున్నా లేదు’ అని మన పుస్తకాలు ఒక వాక్యం రాసి ఊరుకుంటాయి. ఎందుకు లేదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ప్రపంచంలో ఎక్కడ వెతుకుతారు? మన నేల మీద, పద్యం పాదంలో కూడా, ఒకట్ల స్థానం ఖాళీ అయితే ఆ ఖాళీకి ఆకాశమని పేరు పెట్టి మరీ పలికారు.

యూరపులో ఈ కొత్త అంకెలకు ఎంత కష్టమయిందో కూడా చెప్పండి, పిల్లలకు నచ్చుతుంది. ఇటలీ వర్తకుడి కొడుకు ఫిబొనాచ్చి ఉత్తర ఆఫ్రికాలో ఈ అంకెలు నేర్చుకుని 1202లో వాటి మీద పెద్ద పుస్తకమే రాశాడు. అయినా 1299లో ఫ్లారెన్సు నగరంలో డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం తన సభ్యులు లెక్కల పుస్తకాల్లో ఆ అంకెలు వాడకూడదని కట్టుబాటు చేసింది. చోడగంగుడి 999కీ దీనికీ మధ్య రెండు వందల ఏళ్ల పైమాట. ఇందులో మనం గొప్ప, వాళ్లు తక్కువ అని నేను అనడం లేదు. అలాంటి పాఠం రాస్తే మొదట అడ్డుపడేవాణ్ణి నేనే. మనవాళ్లు కూడా పాత గుర్తులు వదలడానికి తటపటాయించారని 183 రేకే సాక్ష్యం చెబుతోంది. అలవాటయిన రాతను ఎవరూ బేగి వదులుకోరు.

అన్నట్టు, ఆ వజ్రహస్తుణ్ణి చరిత్ర పుస్తకాల్లో వెతికితే మీకు తమాషా కనిపిస్తుంది. కొందరు ఆయన పేరు పక్కన మూడు నిలువు గీతలు పెడతారు, కొందరు వి అక్షరం పెడతారు. మూడో వజ్రహస్తుడా, అయిదో వజ్రహస్తుడా అన్నది వంశవృక్షం ఎవరు ఎలా లెక్కేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాపం ఆయన తనను ఎన్నడూ అలా పిలుచుకోలేదు. ఈ సంగతి తెలియని పిల్ల ఈ రెండు పేర్లూ చూసి ఇద్దరు రాజులనుకుంటుంది.

ఇదంతా శాసనాలు చదివే పండితుల పని, గణితంలో ఎందుకని అంటారేమో. మీరు ప్రతి ఏటా ఆగస్టు 29న బడుల్లో తెలుగు భాషా దినోత్సవం జరిపిస్తున్నారు కదా. ఆ రోజు ఎవరిది? శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారిది. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి గోడల మీద ఉన్న రాతలు చదవాలన్న పట్టుదలతో పాత లిపులు సొంతంగా నేర్చుకున్నాడు. నడగాం రేకుల్ని చదివి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించింది ఆయనే. ఆయన సహాధ్యాయి గురజాడ అప్పారావు గారు విజయనగరం సంస్థానంలో శాసన పరిశోధకుడిగా పనిచేశారు. ఒక బడిపంతులు తలకెత్తుకున్న పనిని ఇప్పటి బడిపంతుళ్లకు అక్కర్లేనిదని ఎవరు తేల్చారు? గిడుగు వారి పటానికి పూలదండ వేసి, ఆయన చదివిన అంకెను పుస్తకంలోకి రానివ్వకపోవడం ఏం మర్యాద?

ఇక జనానికి ఇందులో ఏం పట్టింపు అన్న ప్రశ్న. నిజానికి నాకున్న ఆరాటంలో సగం ఇక్కడే ఉంది.

రోమన్ అంకెలు బడి దాటాక పోతాయనుకోకండి. రాజ్యాంగంలో భాగాలకు ఆ అంకెలే. ప్రాథమిక హక్కులు మూడో భాగం, పంచాయతీలు తొమ్మిదో భాగం, పుస్తకం తెరిస్తే గీతలూ అక్షరాలే కనిపిస్తాయి. గ్రూప్ ఉద్యోగాల ప్రకటనలు, టెట్ పేపర్లు, భాషా పండితుల గ్రేడులు, అన్నిటి పక్కనా నిలువు గీతలే. 1975 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి నుంచి మన ప్రాంతాన్ని ఉద్యోగాల లెక్కలో ఒక నిలువు గీతతో గుర్తిస్తున్నారు, అదే ఒకటో జోను. సీతంపేట, కురుపాం కొండల మీద భూమి ఎవరి చేతిలో ఉండాలో తేల్చే అయిదో షెడ్యూలును కాగితాల్లో ఒక్క వి అక్షరంతో రాసేసేవాళ్లున్నారు. ఏ భూమి గురించి ఆ అక్షరం మాట్లాడుతోందో, ఆ భూమి దున్నేవాడికి అది చదవడం రావద్దా?

అన్నిటికంటే నన్ను కుదిపేది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, వజ్రపుకొత్తూరు, మందస, ఇచ్ఛాపురం వైపు మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను తినేసిందో మీకు చెప్పనక్కర్లేదు. ఆ జబ్బుకు డాక్టర్లు అయిదు దశలు చెబుతారు. చీటీల మీద ఆ దశను రోమన్ అంకెలో రాసే అలవాటు చాలామందికి ఉంది. రెండో దశకూ నాలుగో దశకూ ఉన్న తేడా ఆ కుటుంబానికి ఎంత? రెండు గీతలా, వి ముందు ఒక గీతా అన్నది ఇంట్లో ఎవరో ఒకరు చదవగలగాలి. చాలా ఇళ్లలో ఆ ఒక్కరూ ఏ ఆరో తరగతో ఏడో తరగతో చదివే పిల్లే. ఆ పిల్లకు మీరు నేర్పింది ‘1994ను రోమన్‌లోకి మార్చు’ అని. ఎం-సి-ఎం-ఎక్స్-సి-ఐ-వి అని రాయగలదు కూడా. కానీ చీటీ మీద అంకెను చూసి నాన్నకు చెప్పడమే ఈ పాఠం ఉద్దేశమని ఆమెకు ఎవరైనా చెప్పారా? మార్చడం మీద మార్కులున్నాయి, చదవడం మీద లేవు. మన దృష్టి అంతా పొడుగాటి సంఖ్యల మీద, బతుకులో ఎదురయ్యేవేమో ఒకటి నుంచి పన్నెండు దాకా. ఇది తలకిందుల పని కాదా?

రేకుల మీది పాత అంకెలను కూడా చదవడం నేర్పకపోతే పోయేది ఇంకొకటుంది. మా వైపు పొలం దున్నుతుంటే, ఇంటి పునాది తవ్వుతుంటే రాగిరేకులు బయటపడ్డ సందర్భాలు కొత్త కాదు. ఒక ఉంగరానికి గుచ్చిన మూడు నాలుగు రేకులు, దాని మీద ముద్ర. భూమిలో దొరికిన విలువైన వస్తువును కలెక్టరుకు తెలియజెయ్యాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం చెబుతోంది. చట్టం తెలిసినవాళ్లు ఎందరు? ఎన్ని రేకులు కంసాలి కొలిమిలో బిందెలైపోయాయో ఎవరు లెక్కపెట్టారు? అదృష్టం బాగుండి దొరికినవి మద్రాసు ఎగ్మూరు మ్యూజియం వంటి చోట్లకు చేరాయి, మన పిల్లలకు అందనంత దూరంలో. ‘ఇలాంటి గీతలు పుస్తకంలో చూశానే’ అనగలిగే ఒక పిల్ల ఆ ఇంట్లో ఉంటే రేకు బతుకుతుంది. పురావస్తు శాఖ వాళ్లు ఎన్ని బోర్డులు పాతినా ఆ పని జరగదు.

మీరు చెప్పబోయే సమాధానాలు నాకు తెలుసు. సిలబస్ బరువు ఎక్కువయిందంటారు. నేను కొత్త పాఠం అడగడం లేదు, ఉన్న పాఠంలో పది మార్పిడి లెక్కలు తీసేసి రెండు బొమ్మలు పెట్టమంటున్నాను. ‘పుస్తకం రాష్ట్రమంతటికీ ఒకటే, శ్రీకాకుళం సంగతి హిందూపురం పిల్లలకెందుకు?’ అంటారు. రోమ్ సంగతి హిందూపురం పిల్లలకు పనికొచ్చినప్పుడు ముఖలింగం సంగతి ఎందుకు పనికిరాదు? టీచర్లకు తెలీదంటారు. తెలీదు, నిజమే. శిక్షణ తరగతులు మరి దేనికి? భారతీయ జ్ఞానాన్ని పాఠాల్లోకి తేవాలని 2020 జాతీయ విద్యా విధానం రాసుకుంది. ఆ మాట ముందుమాటలో ఎత్తి రాసుకోవడానికేనా, లోపలి పేజీల దాకా వస్తుందా? గొప్పలు చెప్పుకునే పేరాలు నాకు వద్దు. ఒక రాగిరేకు ఫోటో, దాని మీద అంకె చుట్టూ ఒక ఎర్ర గీత, కింద ‘ఇందులో పాత పద్ధతి ఎక్కడ, కొత్త పద్ధతి ఎక్కడ?’ అన్న ప్రశ్న. అంతే.

ఇంకొకటి కూడా మన దగ్గరే ఉంది, ఒక పేరాలో పోతుంది. భిన్నాలకు మన కరణాలు వాడిన గీతలు. ఒక నిలువు గీత పావు, రెండు గీతలు అర, మూడు గీతలు ముప్పావు. ఆ కింద వీసాల దగ్గరికొచ్చేసరికి అవే గీతలు అడ్డంగా పడుకుంటాయి. నిలువూ అడ్డమూ మార్చి మార్చి వేసుకుంటూ నాలుగో వంతుల్లో నాలుగో వంతులు రాసుకుంటూ పోయారు. స్థానం ఖాళీ అయితే దానికీ ఒక గుర్తుంది. పాత భూమి కాగితాలున్న ఇళ్లలో అడిగితే ఇప్పటికీ కొన్ని దొరుకుతాయి. నిలువు గీతలతో రోమన్లు ఏం చేశారో నేర్చుకుంటున్న పిల్లకు, నిలువు గీతలతోనే తన ముత్తాత ఏం చేశాడో చూపించలేమా? పాత దస్తావేజు ఒకటి బడికి తెచ్చి చూపించమని పిల్లలకు ప్రాజెక్టు ఇస్తే ఖర్చు కూడా ఏమీ లేదు.

మీరు వచ్చేసారి పుస్తకాన్ని సవరించేటప్పుడు ఈ పాఠం అభ్యాసం కింద వేసుకోవడానికి నేనే కొన్ని లెక్కలు రాసి పంపుతున్నాను. వాటిని మీరు మార్చుకోవచ్చు, కొట్టేయొచ్చు. కానీ కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో నలుగురికీ తెలిసేలా జవాబివ్వండి.

చికాకోలు రేకు మీద గాంగేయ శకం 183 ఉంది. దానిని ఇప్పటి అంకెల్లో రాయడానికి ఎన్ని గుర్తులు, రోమన్‌లో రాయడానికి ఎన్ని అక్షరాలు పడతాయి? ఇప్పటి పద్ధతిలో మధ్యలో ఉన్న ఎనిమిది విలువ ఎంత? అదే ఎనిమిది ఒకట్ల స్థానంలోకి వస్తే ఎంత?

నందులు, రంధ్రాలు, గ్రహాలు అని చెప్పిన శక సంవత్సరాన్ని రోమన్‌లో రాయండి. దానికి 78 కలిపి, వచ్చిన సంవత్సరాన్ని కూడా రోమన్‌లో రాయండి. రెంటిలో ఏది పొడుగు? పెద్ద సంఖ్యకు ఎప్పుడూ ఎక్కువ అక్షరాలే పడతాయా?

2011 జనగణనలో శ్రీకాకుళం జిల్లా జనాభా 27 లక్షలు దాటింది. సరిగ్గా 27 లక్షలనుకుని, ఎం అక్షరం ఒక్కటే వాడి రాయాలంటే ఎన్ని ఎంలు కావాలి? అక్షరం మీద అడ్డగీత పెడితే వెయ్యి రెట్లు అనే పద్ధతి రోమన్లకు ఎందుకు కావలసి వచ్చిందో మీ మాటల్లో రాయండి.

మీ ఇంట్లో ఉన్న కాగితాల్లో, చీటీల్లో, పుస్తకాల్లో రోమన్ అంకెలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, ఒక్కొక్కటి ఏం చెబుతోందో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.

ఈ చివరి లెక్కకు మార్కులు ఎన్ని వెయ్యాలో మీరే నిర్ణయించండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
శ్రీకాకుళం జిల్లా